బొగ్గు విషమూ, ఒంటరి పరమాణువూ

గత మాసం మేము మా అన్నగారింటికి వెళ్ళేసరికి అక్కడ చిన్న తగవు నడుస్తున్నది. ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం పూర్తిచేసిన అమ్మాయికి పరిశోధనలో సీటు వచ్చింది. సంతోషించవలసిన సమయమే. అయినా అన్నగారి ముఖంలో సంతోషం కంటే సందేహమే ఎక్కువగా కనిపించింది. "ప్రయోగశాల లేదట, పరీక్షనాళిక లేదట, ఒక్క ఆమ్లపు సీసా అయినా ముట్టుకోదట. ఏళ్ళ తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే ఒక్క పరమాణువు గురించి లెక్కలు వేస్తుందట! దీన్ని రసాయనశాస్త్రమంటారా?" అని ఆయన మమ్మల్ని నిలదీశారు. భాభీ సందేహం వేరు. సంబంధాలు చూస్తున్న వేళ, అమ్మాయి ఏమి చదువుతున్నదని అడిగిన వారికి ఏమని చెప్పాలి? అమ్మాయి మాత్రం మా వైపు తిరిగి, "ఫూఫీజాన్, మీరైనా వినండి. నేను చేయబోయేది దాదీమా కుంపటి సంగతే" అన్నది.

ఆ కుంపటి సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసినదే. జనవరి చలిలో బాలింత గది తలుపులూ కిటికీలూ బిగించి, లోపల నిప్పుల కుంపటి పెట్టారు మా అమ్మగారు. పొగ పోయింది, బొగ్గులు ఎర్రగా కాలాయి, ఇక భయమేమున్నదని అందరమూ అనుకున్నాం. ఫజ్ర్ నమాజుకు లేచిన అమ్మగారు తలుపు తడితే లోపలినుంచి పలుకు లేదు. తలుపు నెట్టి చూస్తే బాలింతకు స్పృహ లేదు, బిడ్డ ఏడవటం లేదు. ఇద్దరినీ వసారాలోకి మోసుకొచ్చి గాలి తగలనిచ్చి, రిక్షా మీద ఆసుపత్రికి చేర్చారు. అల్లాహ్ దయవల్ల ఇద్దరూ బతికారు. ఆ బాలింత మా భాభీ, ఆ బిడ్డే నేటి ఈ అమ్మాయి. అటుతర్వాత మా అమ్మగారు తాము బతికినంతకాలం కుంపటిని గడప దాటనివ్వలేదు.

ఆ రాత్రి గదిలో నిండినది కార్బన్ మోనాక్సైడ్. చాలినంత గాలి అందక బొగ్గు సగంగా కాలినప్పుడు ఈ వాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, కంటిలో మంట లేదు. పొగ పోతే ప్రమాదం పోయినట్టేనని మనం అనుకోవటమే దీనికి కలిసివస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ నడిబొడ్డున ఇనుము ఉన్నది. ఆక్సిజన్ కూర్చోవలసిన పీట అది. కార్బన్ మోనాక్సైడ్ ఆ ఇనుమును ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పీట ఖాళీ కాదు. శరీరం ఊపిరి పీలుస్తూనే ఊపిరాడక కుంగిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. కరోనా కాలంలో మనలో చాలామంది వేలికి తగిలించే ఆక్సీమీటర్ కొనుక్కున్నాం. బొగ్గు విషం తలకెక్కిన మనిషికి దాన్ని తగిలిస్తే అంకె మామూలుగానే కనిపించవచ్చు. ఎందుకంటే ఆ చిన్న పరికరానికి ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ, ఈ విషం పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ తేడా తెలియదు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగటం మొదలైతే అంకెను నమ్ముకుని కూర్చోరాదు. వెంటనే బయటి గాలికి రావాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని ఈ విషం సగానికి తగ్గటానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో ఆ పని అవుతుంది. దమ్ బిర్యానీ బొగ్గులకూ, వరండాలో మోగే జనరేటరుకూ, గాలి ఆడని స్నానాలగదిలోని గ్యాస్ గీజరుకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు అమ్మాయి చదువు సంగతి. కుంపటిలో బొగ్గులు బాగా రాజుకున్నప్పుడు పైన సన్నని నీలి మంట ఆడటం మీరు చూసే ఉంటారు. అది కార్బన్ మోనాక్సైడ్ కాలే మంటే. ఈ వాయువుకు మరొక ఆక్సిజన్ పరమాణువు తోడైతే చాలు, ఆ మోతాదులో మనకు హాని చేయని కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. మారేటప్పుడు వేడిని కూడా ఇస్తుంది. అంటే ఈ మార్పు ఎత్తునుంచి పల్లానికి దిగటం వంటిది. మరి గదిలో ఆక్సిజన్ ఉన్నది, విషవాయువూ ఉన్నది, రాత్రంతా ఒకదానినొకటి తాకుతూనే ఉన్నాయి. అవి ఎందుకు కలిసిపోలేదు?

నంద్యాల నుంచి గిద్దలూరుకు వెళ్ళేవారు నల్లమల దాటాలి. అవతలి ఊరు పల్లంలో ఉన్నా మధ్యలో కొండ ఉన్నది. ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువుల బంధం చాలా గట్టిది. దాన్ని సడలించటమే ఈ కొండ. నీలి మంటలోని వేడికి వాయువులు కొండను దూకి దాటగలవు. మంచం చుట్టూ ఉన్న చల్లని గాలిలో దాటలేవు. ఉత్ప్రేరకం చేసే పని కొండను తవ్విపోయటం కాదు. తక్కువ ఎత్తున్న కనుమను చూపటం. దారి చూపి తాను ఖర్చు కాకుండా మిగులుతుంది, వెనువెంటనే మరొకరికి దారి చూపుతుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు ఇలాంటి కనుమలు చూపే పదార్థాలు కొత్తవి కావు. 1817లో హంఫ్రీ డేవీ బొగ్గు వాయువూ గాలీ కలిసిన చోట వేడి ప్లాటినం తీగను ఉంచితే అది మంట లేకుండానే ఎర్రగా వెలుగుతూ నిలిచింది. ఆ రకం చర్యలకు 1835లో బెర్జీలియస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రాగి, మాంగనీసు ఆక్సైడ్‌ల మిశ్రమం తయారైంది. జాన్స్ హాప్కిన్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పేర్లు కలిపి దానికి హాప్కలైట్ అని పేరుపెట్టారు. బొగ్గుగనిలో దిగే కార్మికులు ఆపత్సమయంలో నోటికి తగిలించుకునే వడపోత పరికరాల్లో ఉండేది అదే. కొత్తగూడెం, రామగుండం వైపు పాఠకుల ఇళ్ళలో దీని సంగతి తెలిసినవారు ఉండే ఉంటారు. పెట్రోలు కార్ల పొగగొట్టంలో ఉండే కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు దాన్ని తప్పనిసరి చేశారు.

అయితే ప్లాటినంకు ఒక బలహీనత ఉన్నది. 1922లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దాన్ని వివరించాడు. చల్లని ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ గట్టిగా అంటుకుని, ఆక్సిజన్‌కు చోటివ్వకుండా ఉపరితలాన్నంతా ఆక్రమిస్తుంది. గమనించారా, మన రక్తంలోని ఇనుముకు చేసిన అన్యాయమే ఇది ప్లాటినంకు కూడా చేస్తున్నది! లోహం వేడెక్కితేనే పట్టు సడలి పని మొదలవుతుంది. కారు స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో, అంటే కన్వర్టరు ఇంకా వేడెక్కకముందే, విషం ఎక్కువగా వెలువడటానికి కారణం ఇదే. ప్లాటినం మీద ఈ అణువులు ఎలా కదులుతాయి, ఎక్కడ కలుస్తాయి అన్న సంగతులను ఏళ్ళ తరబడి పరిశీలించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు గెర్హార్డ్ ఎర్టల్‌కు 2007లో నోబెల్ బహుమతి లభించింది.

రెండవ చిక్కు ఖరీదు. నాలుగు నానోమీటర్ల ప్లాటినం రేణువులో సుమారు 2000 పరమాణువులు ఉంటాయి. వాయువు తాకేది ఉపరితలాన్నే కాబట్టి వాటిలో పావువంతుకు మాత్రమే పని దొరుకుతుంది. మిగిలినవి లోపల కూర్చుని ఉంటాయి. బంగారంతో పాటు తూచే లోహాన్ని ఇలా పనిలేకుండా కూర్చోబెట్టటం ఏ గృహిణి ఒప్పుకుంటుంది? దాన్ని ఒక్కొక్క పరమాణువుగా విడదీసి, చవకైన ఆక్సైడు మీద దూరదూరంగా నాటితే ప్రతి పరమాణువుకూ పని దొరకదా?

2011లో చైనాలోని దాలియన్ నగర శాస్త్రజ్ఞులు ఝాంగ్ టావో, చియావో బోటావో, వాంగ్ ఐచిన్ తదితరులు ఆ పని చేసి చూపారు. ఐరన్ ఆక్సైడ్ మీద ప్లాటినం పరమాణువులను ఒంటరిగా నిలిపారు. ప్లాటినం పాలు నూటికి 0.17 వంతు మాత్రమే. శక్తివంతమైన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రంలో మసక నేపథ్యం మీద ఒక్కొక్క పరమాణువూ తెల్లని చుక్కగా కనబడింది. కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చటంలో ఒంటరి పరమాణువు, గుంపులోని పరమాణువు కంటే రెండు మూడు రెట్లు చురుకుగా పనిచేసింది. ఏకపరమాణు ఉత్ప్రేరకం అన్న మాట ఆ వ్యాసంతోనే స్థిరపడింది.

చుక్క కనబడింది, పని జరిగింది. ఎందుకు జరిగింది? దీనికి జవాబు చెప్పినది సూక్ష్మదర్శిని కాదు. త్సింగ్హువా విశ్వవిద్యాలయంలో లీ జున్ బృందం చేసిన గణన. అమ్మాయి చేయబోయే పని ఈ కోవలోనిదే. కావున మేము అన్నగారిని ఇక్కడ కొంచెం ఓపిక పట్టమన్నాము.

పరమాణువులు కలిసేదీ విడేదీ వాటి ఎలక్ట్రాన్ల వల్ల. ఒక్క ప్లాటినం పరమాణువులోనే 78 ఎలక్ట్రాన్లు ఉన్నాయి. ప్రతి ఎలక్ట్రానూ మిగిలినవాటినన్నిటినీ తోస్తూ, తోయబడుతూ ఉంటుంది. వాటి సమీకరణం దాదాపు నూరేళ్ళుగా తెలిసినదే అయినా, ఇన్ని ఎలక్ట్రాన్లకు దాన్ని ఉన్నదున్నట్టు సాధించటం ఎంత పెద్ద యంత్రానికైనా అసాధ్యం. దీనికి దారి చూపినవాడు వాల్టర్ కోన్. వియన్నాలో పుట్టిన యూదు బాలుడు. 1939లో, నాజీల బారినుంచి పిల్లలను ఇంగ్లండుకు చేర్చిన రైళ్ళలో ఒకదానిలో బయటపడ్డాడు. తల్లిదండ్రులు బయటపడలేదు, ఆష్విట్జ్‌లో హతులయ్యారు. ఇంగ్లండు ఆ కుర్రవాడిని శత్రుదేశీయుడని కెనడా నిర్బంధ శిబిరానికి పంపింది. అక్కడే అతడు చదువు కొనసాగించాడు. ఇలాంటి జీవితం గడిపిన మనిషి ప్రపంచానికి ఇచ్చినది ఏమిటంటే, ఒక్కొక్క ఎలక్ట్రాన్ వెంట పడనవసరం లేదని. ఎక్కడ ఎంత దట్టంగా ఎలక్ట్రాన్లు ఉన్నాయో, ఆ సాంద్రత ఒక్కటి తెలిస్తే మూల శక్తి తెలుస్తుందని. 1964లో హోహెన్‌బర్గ్‌తో కలిసి ఈ సిద్ధాంతాన్ని నిరూపించాడు, 1965లో షామ్‌తో కలిసి దాన్ని లెక్కకు అందే రూపంలో పెట్టాడు. 1998లో నోబెల్ బహుమతి పొందాడు. సంతలో ఒక్కొక్క మనిషిని అనుసరించకుండా, ఏ వీధిలో ఎంత రద్దీ ఉన్నదో చూసి సంత తీరు చెప్పటం వంటిదని అమ్మాయి తండ్రికి వివరించింది. పోలిక పూర్తిగా సరిపోదని తానే ఒప్పుకున్నది కూడా.

ఇక గణన ఎలా సాగుతుంది? కంప్యూటరులో ఆక్సైడు ముక్కను కొన్ని పదుల నుంచి కొన్ని వందల పరమాణువులతో కడతారు. దాని మీద ఒక లోహ పరమాణువును నిలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌ను ఇటువైపు, మారిన రూపాన్ని అటువైపు ఉంచుతారు. మధ్యలో తస్బీహ్ పూసల వలె అనేక నడిమి రూపాలను ఒక దారాన గుచ్చి, ప్రతి పూసనూ కొండ వాలు మీద జారనిస్తారు. చివరకు దారం అతి తక్కువ ఎత్తున్న కనుమ గుండా పరుచుకుంటుంది. ఆ కనుమ ఎత్తే తేల్చవలసిన అంకె. ఇలాంటి ఒక్క దారానికి పెద్ద యంత్రాల మీద కూడా రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి.

దాలియన్ ఉత్ప్రేరకానికి ఆ లెక్క ఇలా చెప్పింది. ప్లాటినం పరమాణువు తన ఎలక్ట్రాన్లలో కొంత భాగాన్ని ఐరన్ ఆక్సైడుకు ఒప్పగించి ధనావేశంతో ఉంటుంది. అందువల్ల కార్బన్ మోనాక్సైడ్‌ను మరీ గట్టిగా పట్టుకోదు. ప్రక్కనే ఆక్సైడులో ఒక ఆక్సిజన్ లేక ఏర్పడిన ఖాళీ ఉన్నది. గాలిలోని ఆక్సిజన్ అణువు ఆ ఖాళీలో ఒక కాలు, ప్లాటినం మీద ఒక కాలు పెట్టి నిలుస్తుంది. ప్లాటినం మీదికి వచ్చిన ఒక విషపు అణువు అందులో ఒక పరమాణువును తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్ళిపోతుంది. మిగిలిన ఆక్సిజన్ పరమాణువు ఖాళీని పూడుస్తుంది. తర్వాత వచ్చే విషపు అణువు దాన్ని పట్టుకుపోతుంది. ఖాళీ మళ్ళీ తెరుచుకుంటుంది. అంటే ఒంటరి పరమాణువు నిజానికి ఒంటరిగా పనిచేయటం లేదు. అది నిలుచున్న నేల కూడా పనిలో సగం పంచుకుంటున్నది.

ఇంకొక గణన మమ్మల్ని ఎక్కువగా ఆశ్చర్యపరచింది. 2015లో వెలువడిన ఆ పరిశోధనలో 20 బంగారు పరమాణువుల చిన్న గుంపును సీరియం ఆక్సైడ్ మీద ఉంచి, కార్బన్ మోనాక్సైడ్ తాకిడికి అది ఎలా కదులుతుందో క్షణక్షణమూ లెక్కించారు. విషపు అణువును మోస్తూ ఒక బంగారు పరమాణువు గుంపునుంచి విడివడి బయటకు నడిచింది. ఆక్సైడు అంచున పని ముగించుకున్నది. తర్వాత మళ్ళీ గుంపులోకి వచ్చి చేరిపోయింది! పని ఆపి తీసిన చిత్రంలో గుంపు మాత్రమే కనబడుతుంది. బయటకు వెళ్ళి వచ్చినవాడి జాడ గణనలోనే తెలిసింది.

ఇంతవరకు విన్న అన్నగారు, "అయితే కంప్యూటర్ చెప్పిందల్లా నిజమేనా?" అన్నారు. కాదు. ఈ శాస్త్రానికి ఇంటి రచ్చ కూడా ఉన్నది, దాన్ని దాచటం మాకిష్టం లేదు. చక్కగా చదును చేసిన ప్లాటినం మీద ఒక్క కార్బన్ మోనాక్సైడ్ అణువును పెడితే అది ఎక్కడ నిలుస్తుంది? ప్రయోగం చెప్పేది ఒక పరమాణువు నెత్తిన నిటారుగా అని. గణన చెప్పినది మూడు పరమాణువుల నడుమ గుంటలో అని. ఒక్క బృందానిది పొరపాటు కాదు. ఆ కాలంలో వాడుకలో ఉన్న పద్ధతులన్నీ ఇదే తప్పు చెబుతున్నాయని 2001లో కొందరు శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించారు. ఈ రంగంలో అందరికన్నా ఎక్కువగా పరిశీలించిన జంట అది. దానిలోనే తప్పు!

తేడా అంకెల్లో చూస్తే చిన్నది. ఎలక్ట్రాన్ వోల్ట్ అనే కొలతలో 0.1 పొరపాటు ఈ పద్ధతుల్లో మామూలే. అయితే కనుమ ఎత్తులో 0.1 తేడా వస్తే, గది ఉష్ణోగ్రత దగ్గర చర్య వేగం సుమారు 50 రెట్లు తారుమారవుతుంది. అందుకే గణన చేసేవారు ఒక్క అంకెను పట్టుకుని ప్రమాణం చేయరు. రెండు ఉత్ప్రేరకాలను ఒకే పద్ధతిలో లెక్కించి పోల్చి చూస్తారు. అలా పోల్చినప్పుడు పొరపాట్లు చాలావరకు రెండు వైపులా సమానంగా పడి రద్దవుతాయి. ప్రయోగాల వైపు కూడా ఏకాభిప్రాయం లేదు. 2015లో పీటర్ స్టెయిర్ తదితరులు తాము పరీక్షించిన ప్లాటినం ఉత్ప్రేరకాల్లో ఒంటరి పరమాణువులు విషాన్ని పట్టుకుని ఊరకే కూర్చున్నాయని, పనిచేసినవి రేణువులేనని వెల్లడించారు. దాలియన్ వారిదీ నిజమే, వీరిదీ నిజమే. మా దృష్టిలో దీని అర్థం ఒకటే: ఏ లోహం అన్నది ఎంత ముఖ్యమో, ఏ నేల మీద, ఏ చోట నాటారన్నదీ అంతే ముఖ్యం. ఒంటరి పరమాణువు అనగానే అద్భుతమని ప్రచారం చేసేవారి మాట మేము సగమే నమ్ముతాము.

మరొక ఇబ్బంది, ఒంటరి పరమాణువులకు వేడి తగిలితే అవి జారి గుంపులు కడతాయి. దీనికి న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలోని అభయ దాత్యే బృందం 2016లో ఒక ఉపాయం చూపింది. ప్లాటినంను సీరియం ఆక్సైడ్‌తో కలిపి గాలిలో 800 డిగ్రీలకు కాచారు. ఆ వేడిలో తిరుగాడే పరమాణువులను సీరియం ఆక్సైడ్ ఉపరితలంలోని మెట్ల అంచులు పట్టి బంధించాయి. పరమాణువులు నిలిచాయి గానీ చల్లగా ఉన్నప్పుడు చురుకు చాలలేదు. మరుసటి ఏడు 750 డిగ్రీల నీటి ఆవిరి పట్టిస్తే చురుకూ వచ్చింది. ఈ సీరియం మోనజైట్ అనే ఖనిజంలో ఉంటుంది. భీమునిపట్నం మొదలు శ్రీకాకుళం వరకు మన తీరపు ఇసుకలో ఆ ఖనిజం ఉన్నది. అమ్మాయి ఈ మాట చెప్పగానే అన్నగారు మొదటిసారిగా కుర్చీలో ముందుకు జరిగారు.

ఆమె లెక్కించబోయేది సీరియం ఆక్సైడ్ మీద ఒక్క రాగి పరమాణువును. ప్లాటినం ఖరీదును రాగి భరించగలిగితే మంచిదే. రాగి నిలవకపోవచ్చు, నిలిచినా కనుమ ఎత్తుగా తేలవచ్చు. అలా తేలితే ఆ దారి మూసి ఉన్నదని మరొక ప్రయోగశాలకు ముందే తెలుస్తుందని, అదీ ఫలితమేనని అమ్మాయి అన్నది. ఈ ఉత్ప్రేరకం రేపే మన గదుల్లోకి వస్తుందని ఆమె అనలేదు, మేమూ అనము. అంతవరకు గదికి కిటికీ తెరిచి ఉంచటమే ఉపాయం.

భాభీ అప్పటివరకు ఒక్క మాటా మాట్లాడలేదు. తస్తరీలో ఖర్జూరాలు తెచ్చి పెట్టి, "ఎవరైనా అడిగితే బొగ్గు విషానికి విరుగుడు చదువుతున్నదని చెబుతాను, సరేనా?" అన్నారు. అమ్మాయి సరేనన్నది. ఆమె చేరి ఇప్పటికి మూడు వారాలు. మొదటి లెక్క యంత్రంలో వరుస కోసం వేచి ఉన్నదట. అన్నగారు రోజూ ఇషా తర్వాత ఫోను చేసి, "బేటీ, కనుమ దొరికిందా?" అని అడుగుతున్నారు.